ముందు ఏ మంచం దగ్గరికి?

రాత్రి రెండు గంటలు. మగవాళ్ల మెడికల్ వార్డు. డ్యూటీలో ఉన్న సిస్టర్ ఒక్కతే. మూడో మంచం దగ్గర సెలైన్ బాటిల్ ఖాళీ కావచ్చింది. పెద్దాయన కొడుకు అప్పటికి నాలుగుసార్లు వచ్చిపోయాడు: "సిస్టరమ్మా, బాటిల్ అయిపోయిండాది, గాలి ఎక్కేస్తుందేమో చూడమ్మా." ఏడో మంచం మీది కుర్రాడు కడుపునొప్పితో వార్డంతా వినపడేలా కేకలు పెడుతున్నాడు. పదకొండో మంచం మీది తాతకు పక్క తడిసింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగో మంచం నుంచి ఏ చప్పుడూ లేదు. సాయంత్రం నిమిషానికి ఇరవైసార్లు ఆడిన ఊపిరి ఇప్పుడు ముప్ఫై దాటింది. దగ్గర నిలబడి లెక్కపెడితే తప్ప ఆ సంగతి బయటపడదు.

ఇది ఊహించి రాసిన రాత్రి. ఏ ఆసుపత్రిదీ కాదు. అయినా తిరుపతిలోనో చిత్తూరులోనో కుప్పంలోనో రాత్రి డ్యూటీ చేసిన నర్సుకు చూపిస్తే, మంచాల నంబర్లు మార్చుకుని తన రాత్రే అనుకుంటుంది.

నర్సింగ్ చదువులో ప్రాధాన్యాల నిర్ణయం ఒక పాఠం, వృత్తినీతి ఇంకో పాఠం. రెంటికీ వేర్వేరు పరీక్షలు. వార్డులోకి వచ్చాక ఆ గోడ నిలవదు. ఒకరి దగ్గరికి వెళ్లడమంటే ఆ క్షణాన ఇంకొకరి దగ్గరికి వెళ్లకపోవడమే. పాత చిత్తూరు జిల్లా ఆసుపత్రుల అనుభవాన్ని ముందు పెట్టుకుని ఈ మొత్తం ప్రశ్నను ఒకసారి చూద్దాం: నర్సు పనిలో ఏది ముందు, అది ఎవరు తేలుస్తారు, తేల్చిన భారం ఎవరి మీద పడుతోంది?

అరవలేనివాడు

ఎవరు ముందు అన్న ప్రశ్నకు వైద్యంలో పద్ధతిగా జవాబు వెతికినవాడిగా నెపోలియన్ సైన్యంలోని సర్జన్ డొమినిక్ లారే పేరు చెబుతారు. హోదాను బట్టి కాకుండా గాయం తీవ్రతను బట్టి సైనికులను చూడాలన్నాడు. నేటి నర్సింగ్ విద్యార్థి నేర్చుకునే వరస కూడా అలాంటిదే. ముందు ఊపిరి దారి, తర్వాత శ్వాస, ఆ తర్వాత రక్తప్రసరణ. దానికి తోడు 1943లో మాస్లో చెప్పిన అవసరాల మెట్లు: ప్రాణానికి కావలసినవి ముందు, భద్రత, ఆప్యాయత, గౌరవం ఆ తర్వాత. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక స్కోరు ఈ చూపును అంకెల్లో పెట్టింది. శ్వాస వేగం, రక్తంలో ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, జ్వరం, ఆక్సిజన్ పెట్టారా లేదా అన్నవాటికి మార్కులు వేసి కూడితే, ఎవరు జారిపోతున్నారో ముందే తెలుస్తుంది. వీటిలో శ్వాసను కొలవడానికి యంత్రం అక్కర్లేదు. నిమిషం పాటు ఛాతీ చూస్తూ నిలబడితే చాలు. ఆ నిమిషం దొరకని వార్డుల్లో, లెక్కపెట్టకుండానే కేస్ షీటులో రాసేసే అంకె కూడా అదే.

మన పల్లెల నుంచి వచ్చే పాముకాటు కేసు ఈ లెక్కకు గట్టి పరీక్ష. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఆ బరువు ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒకే రాత్రి క్యాజువాలిటీకి ఇద్దరు వచ్చారనుకుందాం. ఒకాయనను వేరుశనగ చేలో రక్తపింజర కరిచింది. కాలు వాచి, నొప్పికి అరుస్తున్నాడు, చుట్టూ పదిమంది బంధువులు. రెండోది కింద పడుకుని నిద్రపోయిన అమ్మాయి. కడుపులో నొప్పిగా ఉందని లేచింది. కాటు గుర్తు కూడా సరిగా కనిపించదు. కనురెప్పలు మాత్రం వాలుతున్నాయి.

అనుభవమున్న సిస్టర్ మొదటాయన దగ్గర రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో పోసి, టైము రాసి, కదల్చకుండా పక్కన పెడుతుంది. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, సబ్బునీళ్లతో కడిగిన గాజునూ నమ్మలేం. 20 నిమిషాల తర్వాత వంచి చూడాలి. రక్తం గడ్డకట్టకుండా జారితే విషం పనిచేస్తోందని అర్థం. ఆ ట్యూబు తన పని తాను చేసుకుంటూ ఉండగా ఆమె అమ్మాయి దగ్గరుంటుంది. "తల ఎత్తమ్మా. ఒక్క ఊపిరిలో ఒకటి రెండు మూడు లెక్కపెట్టు, ఎంతవరకు పోతావో చూద్దాం." ఇందాక ఇరవై దాకా వెళ్లిన లెక్క ఇప్పుడు తొమ్మిది దగ్గర ఆగితే అది కట్లపాము పని. ఊపిరి కండరాలు పడిపోతున్నాయి, డాక్టరును పిలిచి గొట్టం వేయడానికి సిద్ధం కావాలి. బయట పదిమంది మాత్రం "మావాణ్ణి వదిలేసి ఆ పిల్ల దగ్గరేం చేస్తా ఉండావు?" అని గొడవ చేస్తుంటారు.

వాళ్ల కోపంలో తప్పేమీ లేదు, వాళ్లకు కనిపిస్తున్నది అంతే. అరుపుకు, పలుకుబడికి, బంధుబలగానికి లొంగకుండా అరవలేనివాళ్ల పక్కన నిలబడటమే నర్సు నీతిలో మొదటి అక్షరం. వైద్యనీతి గురించి రాసిన బ్యూచాంప్, చైల్డ్రెస్ 1979లో నాలుగు సూత్రాలు చెప్పారు: రోగి ఇష్టాన్ని గౌరవించడం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయంగా పంచడం. ఆ నాలుగోదానికి వార్డులో ఉన్న పేరు "ముందు ఏ మంచం?"

వరసలో చివరికి జరిగేవి

ఊపిరి ముందు, నాడి ముందు అన్నది సరే. మరి చివరికి నెట్టేసినవి ఏమవుతున్నాయి? 2006లో అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు బియాట్రిస్ కాలిష్ నర్సులతో మాట్లాడి, ఆసుపత్రుల్లో మామూలుగా మిగిలిపోయే పనుల పట్టీ రాసింది. రోగిని నడిపించడం, పక్కకు తిప్పడం, వేళకు తినిపించడం, ఇంటికెళ్లాక చేసుకోవలసినవి నేర్పడం, ధైర్యం చెప్పడం, ఒళ్లు శుభ్రం చేయడం, తాగినదీ పోసినదీ రాయడం వంటివి. వీటిలో ఏ ఒక్కటీ ఆ రాత్రికి ప్రాణం తీయదు. వారం తర్వాత తీస్తుంది. తిప్పని నడుము మీద పుండు పడుతుంది, కూర్చోబెట్టి తాగించని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో నేర్పని మనిషి పది రోజుల్లో మళ్లీ అదే మంచానికి వస్తాడు.

పదకొండో మంచం తాత తడిసిన పక్క ఈ పట్టీలోదే. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పనుల్లో చాలా భాగం రోగి వెంట వచ్చిన ఇంటిమనిషి చేతుల్లోకి జారిపోయింది. ముక్కు గొట్టంలో పాలు పోసేదీ, దుప్పటి మార్చేదీ, స్కానింగుకు స్ట్రెచర్ తోసేదీ కూతురో కోడలో. వార్డులో ఎంఎన్ఓ, ఎఫ్ఎన్ఓ అని పిలిచే సహాయ సిబ్బంది సరిపోకపోతే అక్కడ భార్యే ఆయా. తిరుపతిలో దీనికి ఇంకో మెలిక ఉంది. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూలిపోయిన యాత్రికుడికి తోడెవరూ ఉండకపోవచ్చు. ఉన్నా ఆ మనిషికి తెలుగు రాకపోవచ్చు. కూడా ఎవరూ లేని రోగికి వార్డులో ముందు వరస ఇవ్వాలని ఏ పుస్తకమూ చెప్పదు. మంచి సిస్టర్లు ఇస్తూనే ఉంటారు.

ఇక సంఖ్యల సంగతి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు, ఆపైన సెలవుల కోసం 30 శాతం అదనం ఉండాలని భారతీయ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ముగ్గురికి ఒకరు అంటే వినడానికి బాగుంటుంది. మూడు షిఫ్టులకు పంచితే ఒక్కో షిఫ్టులో తొమ్మిదిమందికి ఒకరు. అదీ పోస్టులన్నీ నిండి, ఎవరూ డిప్యుటేషన్ మీద వెళ్లకుండా, అదనపు మంచాలు వేయకుండా ఉంటేనే.

ఈ నిష్పత్తి ఎంత ముఖ్యమో లిండా ఐకెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల్లోని 300 ఆసుపత్రుల్లో, నాలుగు లక్షలకు పైగా శస్త్రచికిత్స రోగుల లెక్కలతో 2014లో చూపింది. నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే, చేరిన 30 రోజుల్లోగా రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోంది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే అది 7 శాతం తగ్గుతోంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చట్టం చేసి 2004 నుంచి ఒక నర్సుకు ఇంతమందే రోగులన్న పరిమితిని అమలులో పెట్టింది. మన దగ్గర ఉన్నది ప్రమాణం. దాటితే ఎవరినీ ఎవరూ అడగరు. రాత్రి రెండు గంటలప్పుడు సిస్టర్ ఎదుట నిలిచే ధర్మసంకటాల్లో చాలావరకు అసలు ధర్మసంకటాలే కావు. సిబ్బంది కొరత ఆ వేషం వేసుకుని వస్తోంది.

పడకే అక్కర్లేదన్న జవాబు

ఈ ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్త కాదు. చిత్తూరుకు కూతవేటు దూరంలోని వెల్లూరులో ఐడా స్కడర్ ఆసుపత్రి 1909లో నర్సింగ్ స్కూలు మొదలుపెట్టింది, 1946లో డిగ్రీ చదువు తెచ్చింది. ఇవాళ్టికీ చిత్తూరు వైపు పెద్ద జబ్బు చేస్తే "వెల్లూరుకు తీసుకుపోండి" అనడం మామూలు. తిరుపతిలో 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చింది. దానికి అనుబంధంగా రుయా ఆసుపత్రి పెరిగింది. టీటీడీ 1985లో బర్డ్, 1993లో స్విమ్స్ ఆసుపత్రులు తెరిచింది. కుప్పంలో పీఈఎస్, చిత్తూరు, అరగొండల్లో అపోలో నర్సింగ్ కాలేజీలు నడుపుతున్నాయి. ఇంత చిన్న సీమలో ఇన్ని చోట్ల నర్సులు తయారవుతున్నా, వార్డుల్లో నర్సులు చాలడం లేదన్న మాట ఆగలేదు. చదువుకున్న అమ్మాయిలకు బెంగళూరు, చెన్నై, గల్ఫ్ పిలుపు దగ్గర. ఇక్కడి కాంట్రాక్టు ఉద్యోగం పిలుపు దూరం.

అయితే వీటన్నిటికంటే నేర్చుకోవలసిన కథ మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో ఉంది. క్షయకు మందు లేని రోజుల్లో, 1915లో, అక్కడ మిషన్ సానటోరియం మొదలైంది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ ముల్లర్ దానికి తొలి సూపరింటెండెంట్. మంచి గాలి, విశ్రాంతి, తిండి, నర్సింగ్, ఇవే అప్పటి వైద్యం. పడకలు కొన్నే, దగ్గుతో వచ్చేవాళ్లు మాత్రం దక్షిణాది నలుమూలల నుంచి. ఎవరికి పడక ఇవ్వాలి? బాగుపడే ఆశ ఉన్నవాడికా, ఇంట్లో పిల్లలకు అంటించే ప్రమాదం ఉన్నవాడికా, ముందు వచ్చినవాడికా? సానటోరియం గేటు దగ్గర రోజూ తేల్చవలసిన ప్రశ్న అది.

1956లో మద్రాసులో మొదలైన ఒక పరీక్ష ఆ ప్రశ్ననే మార్చేసింది. 193 మంది క్షయరోగుల్లో కొందరిని సానటోరియంలో, కొందరిని మురికివాడల్లోని వాళ్ల ఇళ్లలోనే ఉంచి, అవే మందులు ఏడాది పాటు ఇచ్చి చూశారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగుపడ్డారు. ఇంటివాళ్లకు జబ్బు అంటుకునే ప్రమాదమూ పెరగలేదు. కావలసింది మందు వేళకు మింగుతున్నారా అని ఇంటికి వెళ్లి చూసే మనిషి. పడక ఎవరికన్న వరసే కరిగిపోయింది.

"ఎవరు ముందు?" అన్న ప్రశ్నకు న్యాయమైన జవాబు వెతకడం ఒక పని. ఆ ప్రశ్న అంత తరచుగా రాకుండా వ్యవస్థను మార్చడం దానికంటే పెద్ద పని. మనం మొదటిదాన్ని నర్సు నెత్తిన పెట్టి, రెండోదాన్ని మరిచిపోతున్నాం.

ఆ ఐదు నిమిషాలు

2021 మే 10 రాత్రి రుయా ఆసుపత్రిలో జరిగింది ఈ మరుపుకు నిలువెత్తు సాక్ష్యం. కోవిడ్ రెండో అల ఉధృతంగా ఉంది. తమిళనాడు నుంచి రావలసిన ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమైంది, పైపుల్లో ఒత్తిడి పడిపోయింది. సరఫరా ఐదు నిమిషాల్లో మళ్లీ అందిందని అధికారులు చెప్పారు. ఆ లోపల 11 మంది చనిపోయారన్నది ఆనాటి అధికారిక లెక్క. అంతకంటే ఎక్కువేనని బంధువులు అన్నారు. సిబ్బంది రోగుల ఛాతీలు అదుముతుంటే, బంధువులు అట్టముక్కలతో విసురుతుండటం ఆ రాత్రి వీడియోల్లో దేశమంతా చూసింది. కోపం పట్టలేనివాళ్లు ఐసీయూలోకి దూసుకొచ్చి సామాను పగలగొట్టారు. సిబ్బంది ప్రాణభయంతో తప్పుకోవలసి వచ్చిందని కూడా వార్తలు వచ్చాయి.

ఆ గదిలో ఉన్న నర్సు స్థానంలో నిలబడి చూద్దాం. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు ఒకటి, ఊపిరందని మనుషులు అనేకులు. మామూలు రోజుల్లో నియమం "అందరికంటే విషమంగా ఉన్నవాడు ముందు". విపత్తులో అదే నియమం తలకిందులవుతుంది: "మన చేతులతో బతికే అవకాశం ఎక్కువున్నవాడు ముందు". విపత్తు వైద్యంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు పట్టీలు కట్టేది ఇందుకే. నలుపు కట్టడమంటే ఊపిరి ఇంకా ఆడుతున్న మనిషిని కూడా కొన్నిసార్లు దాటి వెళ్లడం. ఒక నియమం నుంచి ఇంకోదానికి ఎప్పుడు మారాలి, మారమని ఎవరు చెప్పాలి? ఇది ముందే రాసి, అలవాటు చేయించి ఉండకపోతే ఆ క్షణాన ఎదురుగా ఉన్న సిస్టరే మారాలి. ఆ తర్వాత జీవితమంతా ఆ ముఖాలు ఆమెతోనే ఉంటాయి.

ట్యాంకర్ ఎక్కడుందో తెలుసుకోవడం, ఒత్తిడి తగ్గకముందే సిలిండర్లు వార్డులకు చేర్చడం, ఎన్ని మంచాల దాకా ఆక్సిజన్ పంచగలమో లెక్క కట్టడం మధ్యాహ్నమే చేయవలసిన పనులు. మధ్యాహ్నం అలా తేలకపోయినవన్నీ రాత్రికి నర్సు ముందుకు నీతిప్రశ్నలై వస్తాయి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. గాయపడినవాళ్లు ఒక్కసారిగా రుయాకు, స్విమ్స్‌కు చేరారు. లక్షల్లో జనం వచ్చే ఊళ్లో రంగు పట్టీల కసరత్తు ఏడాదికోసారి జరిగే వేడుకగా మిగలకూడదు. బ్రహ్మోత్సవాల బందోబస్తులాగా మామూలు పనిలో భాగం కావాలి.

"ఆయనకు మాత్రం చెప్పొద్దమ్మా"

విపత్తు ఎప్పుడో వస్తుంది. నిజం చెప్పాలా వద్దా అన్నది మాత్రం రోజూ వచ్చేదే. తిరుపతిలో టాటా ట్రస్టుల సాయంతో 2022లో తెరిచిన క్యాన్సర్ ఆసుపత్రి కానివ్వండి, మరోటి కానివ్వండి, క్యాన్సర్ వార్డు గుమ్మంలో వినపడే మాట ఒకటే: "సిస్టరమ్మా, గడ్డ అని చెప్పినాం, ఆయనకు మాత్రం చెప్పొద్దమ్మా, తట్టుకోలేడు." లోపల ఆయన, ఇంటివాళ్లు నీళ్లు తేవడానికి వెళ్లిన వేళ చూసి, మెల్లగా అడుగుతాడు: "పిల్లలు చెప్పడంలేదు గానీ, నాకొచ్చింది అదే కదమ్మా?"

రోగికి తెలుసుకునే హక్కుందని నియమావళి. దాన్ని అలాగే తీసుకుపోయి వినిపిస్తే నీతి నెరవేరదు, అబద్ధం చెప్పినా నెరవేరదు. జబ్బు పేరు చెప్పడం డాక్టరు బాధ్యత. నర్సుకు చేతనైనది, చేయవలసినది ఇంకోటుంది. "మీకేమనిపిస్తోంది నాయనా? ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని అడగడం, ఆ జవాబును డాక్టరుకు చేర్చడం, ఇంటివాళ్లను పక్కకు పిలిచి "ఆయనకు అప్పుడే సగం తెలుసు, ఒంటరిగా భయపడుతున్నాడు" అని చెప్పడం. చాలా కుటుంబాల్లో దాపరికం ప్రేమతో మొదలవుతుంది. పొలం ఎవరికి రాయాలో, కూతుర్ని ఎప్పుడు పిలిపించాలో తేల్చుకునే రోజులు ఆ ప్రేమే తినేస్తుంది.

ఒప్పుకోలు కాగితం దగ్గరా ఇదే కథ. ఆపరేషన్ గురించి వివరించి ఒప్పించవలసింది డాక్టరు. నర్సు సాక్షి. రద్దీలో వరస తిరగబడి, కాగితం నర్సు చేతికొస్తుంది, "ఇక్కడ వేలిముద్ర వెయ్యవ్వా" అన్న మాట ఆమె నోట వస్తుంది. పరీక్ష కోసం ఇచ్చిన ఒప్పుకోలు చికిత్సకు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. తమిళం, కన్నడం, హిందీ, మరాఠీ మాట్లాడే యాత్రికులు వచ్చే ఊళ్లో అర్థంకాని భాషలో తీసుకున్న సంతకం ఇంకెంతవరకు చెల్లుతుంది? రెండు ప్రశ్నలు వేసి చూస్తే తెలిసిపోతుంది: ఏం చేయబోతున్నారు, ఎందుకు? అవ్వ తన మాటల్లో చెప్పగలిగితే అది ఒప్పుకోలు. చెప్పలేకపోతే నర్సు కాగితం పట్టుకుని వెనక్కి వెళ్లాలి. వెనక్కి వెళ్లిన నర్సును విసుక్కోని థియేటర్ ఉండాలి.

చావు అడిగినవాళ్లు అడిగిందేమిటి

2016లో తంబళ్లపల్లె ప్రాంతపు దంపతులు తమ ఎనిమిది నెలల బిడ్డ కాలేయ జబ్బుకు వైద్యం చేయించలేమని, కారుణ్య మరణానికి అనుమతి ఇమ్మని కోర్టుకెక్కారు. సంగతి బయటికి వచ్చాక ప్రభుత్వం ఖర్చు భరిస్తానంది. చెన్నైలో కాలేయ మార్పిడి జరిగింది. 2021 జూన్‌లో అరుదైన జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడుతున్న కొడుకును తీసుకుని ఒక తల్లి ఇదే విన్నపంతో పుంగనూరు కోర్టుకు బయలుదేరింది. పని కాక తిరిగివస్తుంటే దారిలోనే ఆ పిల్లవాడు ప్రాణం విడిచాడు.

రెండు కుటుంబాలూ కాగితం మీద అడిగింది మరణం. మొదటి కుటుంబానికి డబ్బు అందగానే మరణం మాట పోయింది. రెండో కుటుంబానికి అందవలసినవి నొప్పి తగ్గించే మందు, ఇంటికొచ్చి చూసే నర్సు, తల్లి భుజం మీద ఒక చెయ్యి. బాగుచేయలేని జబ్బులో బాధ తగ్గించే పాలియేటివ్ సేవకు 2012లో జాతీయ కార్యక్రమం వచ్చింది. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించి మార్ఫిన్ నిబంధనలు సడలించారు. కేరళ 2008లోనే దీనికో విధానం రాసుకుని, ఇంటింటికీ తిరిగే నర్సుల చేతుల్లో పెట్టింది. మన పల్లెకు ఆ నర్సు ఇంకా చేరవలసే ఉంది.

కారుణ్య మరణం చర్చలో మన భాషకు ఒక పేరు ఎప్పుడూ గుర్తుంటుంది. హైదరాబాదు చెస్ ఆటగాడు వెంకటేష్ కండరాల క్షీణతతో మంచం పట్టి, తన అవయవాలు పనికొచ్చేలా ముందే పోనివ్వమని 2004లో తల్లి ద్వారా హైకోర్టును కోరాడు. కోర్టు ఒప్పుకోలేదు. దేశం ఎరిగిన మరో పేరు ఒక నర్సుది. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో 1973లో దాడికి గురై చలనం కోల్పోయిన అరుణా షాన్‌బాగ్‌ను అక్కడి నర్సులు 2015లో ఆమె సహజంగా చనిపోయేవరకు, 42 ఏళ్లు, తరాలు మారినా చూసుకున్నారు. ఆమెకు తిండి ఆపాలన్న పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు కొట్టేస్తూ, ఆమె తరఫున మాట్లాడే హక్కు చూసుకున్నవాళ్లదేనంది. నర్సు మాటకు మన న్యాయస్థానం అంత బరువిచ్చిన సందర్భం అరుదు. ఇక బాగుపడననప్పుడు ప్రాణం నిలిపే చికిత్స వద్దని మనిషి ముందే రాసిపెట్టుకునే ముందస్తు వీలునామాకు 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గుర్తింపునిచ్చింది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది.

కోర్టులకు చేరని మరణాలే ఎక్కువ. "ఇంక లాభం లేదంటే చెప్పండమ్మా, ఊపిరుండగానే ఇంటికి తీసుకుపోతాం" అన్న మాటలో పొలిమేర బయట పోతే శవాన్ని ఊళ్లోకి రానిస్తారో లేదోనన్న బెంగ ఉంది, బిల్లు భయం ఉంది, సొంత గుమ్మంలో పోవాలన్న ఆశ ఉంది. కేస్ షీటులో అది "వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్లారు" అన్న ఒక్క గీతగా మిగులుతుంది. ఆ గీత గీసేముందు నొప్పి మందు, నోరు తడపడం, ఒళ్లు తిప్పడం నేర్పి పంపడం నర్సు పనే. మరణం తర్వాతి గౌరవమూ వైద్యంలో భాగమే. 2022 ఏప్రిల్‌లో ప్రైవేటు అంబులెన్సువాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక, బయటి బండిని వాళ్లు రానివ్వక, ఒక తండ్రి పదేళ్ల కొడుకు శవాన్ని రుయా నుంచి 90 కిలోమీటర్లు మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్లాడు. అది నర్సుల తప్పు కాదు. వార్డు గడప దాటగానే మన బాధ్యత తీరిందనుకునే పద్ధతి తప్పు.

గొంతు ఉందా?

చేయవలసింది తెలిసీ చేయలేకపోయినప్పుడు కలిగే బాధకు 1984లో ఆండ్రూ జేమ్టన్ నైతిక వేదన అని పేరు పెట్టాడు. ఉదాహరణ ఇచ్చింది నర్సులనే. మోతాదు ఎక్కువని తెలిసినా పెద్ద డాక్టరును అడగలేకపోవడం, ఫోన్లో చెప్పిన ఆర్డరు కాగితం మీదకు రాకపోయినా ఇంజక్షన్ చేసి ఆ తర్వాత సంజాయిషీ తానే ఇచ్చుకోవడం, వీఐపీ సిఫారసు వచ్చిందని మంచం మార్చవలసి రావడం ఈ వేదన రోజువారీ రూపాలు. ఇలా పేరుకున్న బాధతో కొందరు ఉద్యోగం వదులుతారు. ఎక్కువమంది ఉద్యోగంలో ఉంటూనే మనసు వదిలేస్తారు. "ఈ సిస్టర్ రాయిలాగుంది" అని మనం విసుక్కునేది అప్పటికే చాలాసార్లు కరిగిన మనిషిని కావచ్చు.

నియమావళులకు లోటు లేదు. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో రాసుకున్నది 2021లో కొత్తగా సవరించింది. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ 2006లో తనది ఇచ్చింది. 1947 చట్టం స్థానంలో 2023లో వచ్చిన నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వృత్తినీతికి ప్రత్యేకంగా ఒక బోర్డు పెట్టమంది. ఆసుపత్రి సిబ్బంది మీద దాడులను అడ్డుకోవడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి చట్టముంది. ఇవన్నీ నర్సు ఏం చేయాలో చెబుతాయి. ఆమె "ఇది చేయలేను, ఇద్దరు కావాలి" అన్నప్పుడు వినవలసింది ఎవరో ఏదీ గట్టిగా చెప్పదు. ఆసుపత్రి నీతి కమిటీల్లో హెడ్ నర్సుకు కుర్చీ, ముప్ఫైమందికి ఒకరే ఉన్న రాత్రి సూపరింటెండెంటుకు చేరే రాతపూర్వక కబురు, అలా రాసినవాళ్లను బదిలీ చేయబోమన్న హామీ ఉంటే సగం దారి నడిచినట్టే.

మొదలు చిన్నదే కావచ్చు. తెల్లవారి డ్యూటీ మారేటప్పుడు ఓవర్ ఇచ్చే పుస్తకం ప్రతి వార్డులోనూ ఉంటుంది. ఎవరికి ఏ మందు వేశారు, ఎవరికి ఏ పరీక్ష పంపారు, అన్నీ చేసినవే అందులో ఉంటాయి. పక్కన ఇంకో గడి గీయాలి: చేయలేకపోయినవి, ఎందుకు. "పదకొండో మంచం, పక్క మార్చడం రెండు గంటలు ఆలస్యం. పద్నాలుగో మంచం దగ్గర ఉండటం వల్ల." ఎవరినీ శిక్షించడానికి కాదు. నెలాఖరున ఆ గడిని సూపరింటెండెంటు, ఆపైన జిల్లా అధికారి చదవడానికి. ఇప్పుడు ఆ గడిలో రాయవలసిందంతా సిస్టర్ బస్సులో ఇంటికి మోసుకుపోతోంది.